బూట్లు విప్పిన ఎండాకాలం

మా నస్పూర్ కాలనీలో ఎవరికి ఏ నొప్పి వచ్చినా ఇరుగుపొరుగు అడిగే మొదటి మాట "కంపెనీ దవాఖానకు పోయినవా?" అని. మేముండే క్వార్టర్ కంపెనీది. నల్లాలో వచ్చే నీళ్లు కంపెనీవి. నేను చదివిన బడి కంపెనీది, పొద్దున్నే నిద్ర లేపే సైరన్ కూడా కంపెనీదే. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మా తాత మొగిలి లెక్కలో, లోకంలో ఎక్కడ పని ఉన్నా దాని వెనకాల ఒక కంపెనీ ఉంటుంది, ఆ కంపెనీకి ఒక దవాఖాన ఉంటుంది, ఆ దవాఖానకు ఒక అంబులెన్స్ ఉంటుంది. ఆ లెక్క అన్నిచోట్లా చెల్లదని ఆయనకు కరోనాకు ముందటి ఏడాది ఎండాకాలంలో తెలిసింది. అప్పుడు నాకు పదహారేళ్లు. మా అత్త టీంలో నేను గోల్‌కీపర్‌ని.

అత్త పేరు నవనీత. మా డాడీకి చెల్లెలు. కాలనీ గ్రౌండ్‌లో మగపిల్లల మధ్య ఒక్కతే ఆడి, జిల్లాకు ఆడి, రాష్ట్రానికి ఆడి, చివరికి కలకత్తాలో ఒక క్లబ్బుకు జీతం మీద ఫుట్‌బాల్ ఆడింది. జీతం అన్న మాట వినగానే తాతకు ఇంకేం అక్కర్లేకపోయింది. రాయమల్లు చాయ్ హోటల్‌లో బెంచీ మీద కాలు మీద కాలేసుకుని "నా బిడ్డ కలకత్తాల పర్మినెంటు" అని చెప్పుకునేవాడు. ఫుట్‌బాల్‌లో పర్మినెంటు ఏమిటని అడిగే ధైర్యం ఆ హోటల్‌లో ఎవరికీ లేదు. తాత గొంతు అలాంటిది.

ఒక చలికాలం అత్త మోకాలికి దెబ్బ తగిలిందని ఫోన్ వచ్చింది. మా అమ్మ వినోద అప్పటికప్పుడు బట్టలు సర్దుకుని కలకత్తా రైలు ఎప్పుడని అడిగితే తాత నవ్వాడు.

"ఉత్తగ పరేషాన్ అయితవెందుకు వినోదా? డ్యూటీల తగిలిన దెబ్బ అది. కంపెనీ చూసుకుంటది. పక్కన ఉండేటందుకు మనిషిని గూడ ఇస్తరు."

ఫోన్‌లో అత్త కూడా "ఔ బాపు, మంచిగనే చూస్తున్నరు" అంది. దాంతో అమ్మ సంచి మళ్లీ అటక ఎక్కింది. హోటల్‌లో తాతకు చెప్పుకోవడానికి ఇంకో మాట దొరికింది. ఏడాది గడిచాక అత్త ఒక సంచి, రెండు జతల బూట్లతో ఇంటికి వచ్చింది. మెట్లు ఎక్కేటప్పుడు ముందు ఎడమ కాలు పెట్టి, కుడి కాలిని దాని పక్కకు తెచ్చుకునేది. ఆట ఎందుకు మానేశావని ఎవరడిగినా "మస్తు ఆడిన, ఇగ చాలు" అనేది. మేమూ అంతకుమించి అడగలేదు.

ఆ ఎండాకాలం ఆమె కాలనీ ఆడపిల్లలను పోగేసి టీం పెట్టింది. పోగేసి అంటే నిజంగా ఇల్లిల్లూ తిరిగి, అంట్లు తోముతున్నవాళ్లను, ఫోన్లు చూస్తున్నవాళ్లను, నాలాగా పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో అందరితో తగువు పెట్టుకుంటున్నవాళ్లను లాక్కొచ్చింది. మా గ్రౌండ్‌లో గడ్డి లేదు. బొగ్గు లారీలు పోయే రోడ్డు పక్కనే ఉండడంతో మట్టి సగం నలుపు. సాయంత్రం ఆట అయ్యాక మా ముఖాలు చూస్తే మేమే బాయి నుంచి పైకి వచ్చినట్టుండేది. ఇంటికి వెళ్తే అమ్మ గుమ్మం దగ్గరే ఆపి బకెట్ నీళ్లు పోసేది. ఆ నీళ్లు వాకిట్లో పడగానే లేచే మట్టి వాసన నాకిప్పటికీ ఇష్టం. ఎక్కడ వాన మొదలైనా ముందు ఆ సాయంత్రాలే గుర్తొస్తాయి.

అత్తకొక పట్టింపు ఉండేది. ప్రాక్టీసు అయ్యాక ఎవరినీ వెంటనే ఇంటికి పోనిచ్చేది కాదు. అందరం గుండ్రంగా కూర్చుని ఎవరికి ఎక్కడ నొప్పి ఉందో చెప్పాలి. దానికి మేం నొప్పుల మీటింగ్ అని పేరు పెట్టాం. మొదట్లో సిగ్గుపడి అందరం "ఏం లేదక్కా" అనేవాళ్లం.

"నొప్పి చెప్పకపోతే బహాదూర్ అనుకుంటున్నరా?" అని కోప్పడేది. "నొప్పి చెప్పుడు, నీళ్లడుగుడు, డాక్టర్‌ను అడుగుడు, కాయితం మీద సంతకం పెట్టే ముందట చదువుడు. బంతి తన్నుడు ఎంత ముఖ్యమో ఇవి గూడ గంతే ముఖ్యం."

తర్వాత తర్వాత మాకు అలవాటైపోయి, చెవి నొప్పి దగ్గర్నుంచి మా అమ్మలకు వాళ్ల అత్తగార్లతో వచ్చే తలనొప్పి దాకా అన్నీ చెప్పేవాళ్లం. అత్త అన్నీ వినేది. ఇంటికొచ్చాక ఫోన్ పట్టుకుని మణిపూర్‌లోనో ఒడిశాలోనో ఉన్న పాత ఆటగత్తెలతో హిందీలో చాలాసేపు మాట్లాడేది. దెబ్బ తగిలినవాళ్ల తరఫున నిలబడేందుకు మనకొక సంఘం ఉండాలి అనే మాట ఆ ఫోన్లలోనే విన్నాను. అప్పుడది నాకు పట్టలేదు. నా ధ్యాస అంతా కొత్త గ్లవ్స్ మీద ఉంది.

తాత రోజూ గ్రౌండ్‌కు వచ్చి సిమెంటు బెంచీ మీద కూర్చునేవాడు. ఆటలో ఆయనకు ఒక్క రూలూ తెలియదు కానీ రెఫరీని తిట్టడం మాత్రం బాగా వచ్చు. ఒకరోజు నొప్పుల మీటింగ్ చూసి "గిది మా యూనియన్ మీటింగ్ లెక్కనే ఉన్నది" అన్నాడు.

"మీరు గూడ కొట్లాటలు చేసిండ్రా తాతా?" అని అడిగింది నిఖిత. మా టీంలో గోల్స్ కొట్టేది ఆమే.

"కొట్లాట ఎందుకే? బూట్లు విప్పుతుంటిమి, గంతే."

మాకు అర్థం కాలేదు. తాత బెంచీ మీద ముందుకు జరిగి చెప్పాడు. "బాయిల ఎవనికన్న దెబ్బ తగిలి పైకి తెచ్చిండ్రనుకో. గప్పుడు దిగేటందుకు వచ్చిన షిఫ్టోళ్లం బాయి ముందటనే కూసోని, ఎవని బూట్లు వాడు విప్పి ముందట పెట్టుకుంటుంటిమి. బూట్లు లేనోన్ని బాయిల దింపద్దని కానూన్ ఉన్నది. దొర వచ్చి దిగుండ్రి అంటే, బూట్లు లేవు దొరా అంటుంటిమి. గా మనిషిని ఏ దవాఖానకు తోలిండ్రు, వెంట ఎవలు పోయిండ్రు, నయమైనంక మళ్ల పనిల పెట్టుకుంటరా లేదా, గివన్ని చెప్పినంకనే తొడుక్కునేది."

"బూట్లు ముందటనే ఉన్నయి కద తాతా?" అన్నాను.

"ఉంటేంది? కాళ్లకు లేవు కద."

మేం పడీపడీ నవ్వాం. అత్త నవ్వలేదు. బంతులు వల సంచిలో వేసుకుంటూ, తల ఎత్తకుండా అడిగింది. "ఎవని కోసమన్న కూసుంటుంటిరా బాపు? కొత్తోడైనా?"

"ఎవడైతేంది బిడ్డా? ఒక్కోసారి పేరు గూడ తెల్వకపోతుండె."

అత్త సంచి మూతి బిగించి భుజానికి వేసుకుంది. ఆ రోజు ఆమె మాకంటే ముందు ఇంటికి వెళ్లిపోయింది.

మా టీం ఆడింది వేసవి లీగ్. దాన్ని నడిపించేది లక్ష్మణ్ సార్. కంపెనీలో సివిల్ పనులు చేయించే కాంట్రాక్టరు. టీంలకు జెర్సీలు, భోజనాలు, ట్రోఫీ అన్నీ ఆయనవే. మనిషి చెడ్డవాడేం కాదు. కనిపించినప్పుడల్లా మాకు లస్సీ తాగించేవాడు. కాకపోతే ఆయన ఫ్లెక్సీలో ఆయన ఫోటో పెద్దగా, మా ఫోటోలు కింద చిన్నగా ఉండేవి. ఫైనల్‌కు హైదరాబాద్ స్పోర్ట్స్ హాస్టల్ నుంచి సెలెక్టర్లను పిలిచాననీ, మంచిగా ఆడినవాళ్లను వాళ్లు తీసుకుంటారనీ చెప్పాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నిఖితకు నిద్ర లేదు.

నిఖిత మా కాలనీ పిల్ల కాదు. రైలు పట్టాల పక్కన రేకుల ఇళ్లలో ఉండేది. తండ్రి లేడు. తల్లి ఐలవ్వ మా కాలనీ రోడ్లు ఊడ్చేది కానీ కంపెనీ మనిషి కాదు, కాంట్రాక్టు మనిషి. కంపెనీ దవాఖాన గేటు ముందు రోజూ ఊడ్చే ఆమెకు ఆ గేటు లోపల మందు లేదు. నిఖితకు ఆ హాస్టల్ ఒక్కటే దారి. అక్కడ తిండి, చదువు, బూట్లు అన్నీ వాళ్లే ఇస్తారు. మాకు ఆట సరదా. ఆమెకు ఆట అన్నం.

సెమీఫైనల్‌లో అది జరిగింది. గోల్‌కీపర్‌గా ఉండడంలో ఒక సుఖం ఉంది, ఆటంతా మన కళ్ల ముందే నడుస్తుంది. నిఖిత బంతి తీసుకుని ఒక్కసారిగా తిరిగింది. పక్కన ఎవరూ తగల్లేదు. ఉన్నట్టుండి కూలబడింది. మళ్లీ లేచి ఆడింది, మేం గెలిచాం. నొప్పుల మీటింగ్‌లో ఆమె వంతు వచ్చినప్పుడు "ఏం లేదక్కా" అంది.

అత్త ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చోబోయి, కూర్చోలేక పక్కకు ఒరిగి, నిఖిత మోకాలి చుట్టూ వేళ్లతో నొక్కి చూసింది. అప్పటికే అది వాచింది.

"తిరిగినప్పుడు లోపట టప్పుమన్నదా?"

నిఖిత కళ్లలో నీళ్లు వచ్చాయి.

మర్నాడు సాయంత్రం లక్ష్మణ్ సార్ మా క్వార్టర్‌కు వచ్చాడు. కిలో జిలేబీ తెచ్చాడు. కూలర్ ముందు కుర్చీ వేసుకుని, జూన్ నుంచి లీగ్ నడిపే తన క్లబ్బు తరఫున అకాడమీ పెడుతున్నామనీ, దానికి కోచ్ అత్తేననీ అన్నాడు. డాడీ ముఖం వెలిగిపోయింది. చెల్లెలు ఇంట్లో ఖాళీగా ఉంటోందని లోపల్లోపల బాధపడేవాడు ఆయన.

"గా నిఖితను ఫైనల్‌ల ఆడిపియ్యాలె నవనీతా" అన్నాడు లక్ష్మణ్ సార్, చాయ్ తాగి కప్పు కింద పెడుతూ. "ఆమెను చూడనీకే సెలెక్టర్లు వస్తుండ్రు. డాక్టర్‌తోని మాట్లాడిన. ఒక్క సూది ఏస్తే నొప్పి తెల్వది."

"స్కానింగ్ తీయించుండ్రి సార్ ముందుగాల."

"ఫైనల్ అయినంక తీయిద్దాం. నేనెటు పోత?"

"ఫైనల్ అయినంక ఎవ్వలుండరు సార్" అంది అత్త. గొంతు పెంచలేదు. లక్ష్మణ్ సార్ నవ్వి, నాకో జిలేబీ అందించి వెళ్లిపోయాడు. ఆయన వెళ్లాక డాడీ "వచ్చిన నౌకరిని కాలితోని తంతవా నవనీతా?" అని అడిగాడు. అత్త కింద పెట్టిన చాయ్ కప్పు తీసుకుని లోపలికి వెళ్లింది.

ఫైనల్ మహారాష్ట్ర సరిహద్దులోని భైంసా టీంతో. ఎండ తగ్గాక మొదలుపెట్టాలని నాలుగున్నరకు పెట్టారు. మధ్యాహ్నం నుంచే మైకులో పాటలు. షామియానా కింద హైదరాబాద్ నుంచి వచ్చిన సెలెక్టర్లు, వాళ్ల ముందు కొబ్బరి బోండాలు. మా కాలనీ ఆడవాళ్లంతా పనులు తెముల్చుకుని వచ్చేశారు. ఐలవ్వ చీపురు చెట్టుకు ఆనించి వచ్చి నిలబడింది. ఆటకు ముందు మేం గోల్ వెనకాల వేపచెట్టు నీడలో ఉన్నాం. నిఖిత జెర్సీ వేసుకుని, మోకాలికి పట్టీ కట్టుకుని సిద్ధంగా ఉంది. లక్ష్మణ్ సార్ ఒక డాక్టర్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు.

అత్త అడ్డంగా నిలబడింది. "వద్దు సార్. ఈ పిల్లను నేను ఆడిపియ్య."

"పిల్లనే ఆడుతనంటుంటే నీకేం నొప్పమ్మా?"

"అక్కా, ఏసుకుంట" అంది నిఖిత. "ఒక్క ఆటే కద. ఒక్కటి."

"వద్దు నిఖితా."

అప్పుడు నిఖిత కోపమంతా బయటికి వచ్చింది. "నీదేం పోయింది? నువ్వు కలకత్తాల ఆడినవ్. పేపర్ల ఫోటో పడ్డది. నాకచ్చిన ఒక్క మోకా గుంజుకుంటున్నవ్ నువ్వు. నేను మా అవ్వ లెక్క చీపురు పట్టుకోవాల్నా?"

పక్కనే ఉన్న ఐలవ్వ తల దించుకుంది. నాకు నిఖిత మీద కోపం వచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. అత్త కుడి కాలు చాచి నేల మీద కూర్చుని, ట్రాక్ ప్యాంటు మోకాలి పైకి లాగింది. ఆ మోకాలు నేను చూడడం అదే మొదటిసారి. పక్కకు జరిగిపోయినట్టు వంకరగా ఉంది, తొడ ఎడమ తొడలో సగమే ఉంది.

"నాకు గూడ ఒక్క ఆటే అన్నరు" అంది. "ఒక్క సూదే అన్నరు. నొప్పి తెల్వలే, ఉరికిన. ఆట అయిపోయినంక లేవరాలే. వారం తిరగక ముందే నా జాగల ఇంకో పిల్లను తెచ్చుకున్నరు. ఆపరేషన్ చేయించుండ్రి అంటే, మీ ఇంటికి పోయి చేయించుకో అన్నరు. నువ్వు నన్ను తిట్టు. ఎన్నన్న తిట్టు. నీ మోకాలు మంచిగుంటే వచ్చే ఏడు గూడ తిట్టొచ్చు."

లక్ష్మణ్ సార్ ముఖం చిట్లించాడు. "గదేంది? కంపెనీ మంచిగ చూసుకున్నదని మీ బాపు ఊరంత చెప్పిండు కద?"

"ఏ కంపెనీ సార్?" అంది అత్త. "ఎవ్వలు చూడలే. ఆటగాళ్లకు కంపెనీ లేదు, యూనియన్ లేదు. బాపు నమ్మిండు, నేను నమ్మనిచ్చిన. హోటల్ల గంత గొప్పగ చెప్పుకున్న మనిషిని చిన్నగ చేయబుద్ధి కాలే."

తాత వేపచెట్టుకు అవతలి పక్క నిలబడి ఉన్నాడు. మాకోసం అమ్మ ఇచ్చిన మజ్జిగ క్యాన్ చేతిలో ఉంది. ఎప్పుడు వచ్చాడో తెలియదు. అత్త వీపు అటు ఉంది కాబట్టి ఆమె చూడలేదు, నేను చూశాను. తాత ముఖంలో ఏమీ కనిపించలేదు. క్యాన్‌ను చెట్టు మొదట్లో జాగ్రత్తగా పెట్టి, మూత బిగించి ఉందో లేదో చూసి, మా పక్క నుంచే గ్రౌండ్‌లోకి నడిచి వెళ్లాడు. మధ్యగీత దగ్గర ఆగాడు. నెమ్మదిగా కూర్చున్నాడు. చెప్పులు విప్పి, రెండూ జతగా ముందు పెట్టుకున్నాడు.

మైకులో పాట ఆగలేదు. జనం ఎండకు ముసలాయనకు తల తిరిగిందేమో అనుకున్నారు. నాకు మాత్రం వెంటనే అర్థమైంది. నేను పరిగెత్తుకుని వెళ్లి తాత పక్కన కూర్చుని బూట్ల లేసులు విప్పడం మొదలుపెట్టాను. తొందరలో ముడి పడిపోతే తాత తన గోళ్లతో విప్పాడు. నా వెనకాల మా టీం పిల్లలు ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. ఒక్కో జత బూట్లు ముందు పెడుతుంటే గీత మీద వరుస పెరిగింది.

రెఫరీ వచ్చాడు. "ఏందిది? లేవుండ్రి, టైమైతుంది."

"బూట్లు లేవు సార్" అన్నాను. ఆ మాట అనగానే భయం, నవ్వు రెండూ ఒకేసారి వచ్చాయి.

బూట్లు లేనివాళ్లను ఆడించకూడదని ఫుట్‌బాల్‌లోనూ రూల్ ఉంది. రెఫరీ విజిల్ పట్టుకుని షామియానా వైపు చూశాడు. భైంసా కెప్టెన్ వచ్చి "ఏమైంది? ఎందుకు కూసున్నరు?" అని అడిగింది. చెప్పాం. ఆ పిల్ల వెనక్కి వెళ్లి వాళ్లవాళ్లతో మరాఠీలో ఏదో మాట్లాడింది. కాసేపటికి వాళ్లూ వచ్చి గీతకు అవతలి పక్క కూర్చుని లేసులు విప్పుకున్నారు.

అదే సమయానికి ఫస్ట్ షిఫ్ట్ దిగిన బాయి కార్మికులు ఇళ్లకెళ్లి స్నానాలు చేసి ఆట చూడ్డానికి వస్తున్నారు. గేటు దాటగానే వరుసగా పెట్టిన బూట్లు చూసి ఆగిపోయారు. వాళ్లకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. ముందున్నాయన మా దగ్గరికి వచ్చి తాతను ఒక్కటే అడిగాడు. "ఎవలకు తగిలింది మొగిలన్నా?"

తాత వేపచెట్టు వైపు చెయ్యి చూపించాడు. అక్కడ నిఖితా అత్తా పక్కపక్కనే నేల మీద కూర్చుని ఉన్నారు.

లక్ష్మణ్ సార్ ఆ బాయి మీద పనులు చేయించినవాడే. విప్పిన బూట్లంటే ఏమిటో ఆయనకు బాగా తెలుసు. కాసేపు ఎగిరాడు, సెలెక్టర్ల ముందు పరువు తీశారన్నాడు, అత్త వైపు చూసి "అకాడమీ సంగతి మర్చిపో ఇగ" అన్నాడు. షిఫ్టువాళ్లు అలాగే నిలబడి ఉన్నారు. చివరికి పొద్దు గూకే వేళకు మైకు తీసుకున్నాడు. నిఖితను కరీంనగర్ తోలి స్కానింగ్, ఆపరేషన్ క్లబ్బే చేయిస్తుందనీ, నయమైన తర్వాత టీంలో ఆమె జాగ ఆమెకే ఉంటుందనీ అందరి ముందూ చెప్పాడు. అప్పుడు తాత నా బూట్లు నా చేతికిచ్చి "తొడుక్కో" అన్నాడు.

కానీ ఆట జరగలేదు. చీకటి పడుతోందని రెఫరీ వెళ్లిపోయాడు. సెలెక్టర్లూ కారెక్కారు. ఆ కారు గేటు దాటేదాకా చూసి నిఖిత భోరున ఏడ్చింది. అత్త ఆమె భుజం మీద చెయ్యి వేస్తే విసిరికొట్టింది.

ఆ రాత్రి తాత అన్నం దగ్గర కూర్చుని మెతుకు ముట్టలేదు. అత్త మంచినీళ్ల చెంబు తెచ్చి పక్కన పెట్టింది. తాత ఆ చెంబు వైపు చూస్తూ అడిగాడు.

"ఆడ నీకు నీళ్లెవలిచ్చేది?"

"పక్క రూం పిల్ల ఇస్తుండె బాపు."

"ఆమె ఆటకు పోయినప్పుడు?"

అత్త చెంబును ఇంకాస్త దగ్గరికి జరిపింది. "సీసాలు నింపి మంచం పక్కన పెట్టి పోతుండె."

అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది. లోపల గిన్నెలు కడుగుతున్న చప్పుడు వచ్చింది కానీ, కడగాల్సిన గిన్నెలేవీ లేవని నాకు తెలుసు.

తర్వాత కొన్నాళ్లు ఆయన చాయ్ హోటల్ వైపే వెళ్లలేదు. ఒకరోజు పొద్దున్నే తెల్ల అంగీ వేసుకుని నన్ను తోడు తీసుకుని బయల్దేరాడు. రాయమల్లు చాయ్ ఇవ్వబోతే వద్దన్నాడు. బెంచీ మీద కూర్చోకుండా నిలబడే చెప్పాడు. "మా నవనీతను కంపెనీ చూసుకున్నదని మీ అందరితోని చెప్పిన. అది అబద్ధం. నా బిడ్డను ఎవ్వలు చూడలే. కోడలు పోతనంటే నేనే ఆపిన. నేను గూడ చూడలే." ఆ గొంతు అంత చిన్నగా వినడం నాకదే మొదటిసారి. రాయమల్లు గుడ్డతో బల్ల తుడిచాడు. తిరిగి వస్తుంటే తాత నా చెయ్యి పట్టుకుని నడిచాడు, నేను చిన్నపిల్లనైనట్టు.

అత్తకు అకాడమీ నౌకరీ రాలేదు. ఇప్పుడామె ఏ ఊళ్లో ఉంటుందో వారం వారం ఫోన్ చేసి కనుక్కోవాలి. అప్పట్లో ఫోన్లలో మాట్లాడుకున్న పాత ఆటగత్తెలంతా కలిసి సంఘం పెట్టారు. ఎక్కడ ఏ పిల్లకు దెబ్బ తగిలి క్లబ్బు వదిలేసినా అత్త సంచి సర్దుకుంటుంది. నేను మెట్‌పల్లిలో ఒక బడిలో ఆటల టీచర్‌ని. సాయంత్రం ఆట అయ్యాక నా పిల్లలనూ గుండ్రంగా కూర్చోబెడతాను. వాళ్లు కూడా చెవి నొప్పి దగ్గర్నుంచే మొదలుపెడతారు. తాత మొన్నటి ఏడాది పోయాడు. ఎండాకాలం రాగానే నా మనసు ఊరికే నస్పూర్ వెళ్లిపోతుంది. కానీ ఎక్కువసేపు ఆగేది గ్రౌండ్ దగ్గర కాదు, కరీంనగర్ దవాఖాన వరండా దగ్గర.

నిఖిత ఆపరేషన్‌కు మేమంతా వెళ్లాం. అప్పటికి తొలకరి పడింది. లోపలికి తీసుకెళ్లే ముందు నిఖిత, అన్ని వారాల తర్వాత, అత్తతో మొదటిసారి మాట్లాడింది.

"నా జాగ నిజంగనే ఉంటదా అక్కా?"

"అందరి ముందట చెప్పిండు. ఇయ్యకపోతే మళ్ల కూసుందాం."

నిఖిత ముక్కు తుడుచుకుని నవ్వింది. తలుపు మూసుకుంది. ఐలవ్వను, అమ్మను కుర్చీల్లో కూర్చోబెట్టి అత్త మందులు తేవడానికి కిందికి వెళ్లింది. వచ్చేసరికి వరండాలో చిన్న గొడవ. తాత ఆపరేషన్ గది తలుపు ఎదురుగా, గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. చెప్పులు జతగా ముందు పెట్టుకున్నాడు. వాచ్‌మన్ కుర్చీలో కూర్చోమని బతిమాలుతున్నాడు.

అత్త మెట్లు ఎక్కి, ముందు ఎడమ కాలు, పక్కకు కుడి కాలు తెచ్చుకుంటూ దగ్గరికి వచ్చింది.

"ఇదేంది బాపు? నిఖితను మంచిగ చూస్తున్నరు. డాక్టర్లున్నరు, వాళ్లవ్వ ఉన్నది. ఇంకెందుకు కూసున్నవ్? లే."

తాత తల ఎత్తి ఆమెను చూశాడు.

"గా పిల్ల కోసం కాదు బిడ్డా" అన్నాడు. "నీ కోసం. అప్పుడు కూసోలే."

అత్త మందుల సంచి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వాచ్‌మన్ మా ముఖాలు చూసి పక్కకు తప్పుకున్నాడు. కాసేపటికి అత్త గోడ పట్టుకుని, కుడి కాలు చాచుకుని తాత పక్కన కూర్చుంది. తన చెప్పులు విప్పి ఆయన చెప్పుల పక్కన పెట్టింది. లోపలి నుంచి నర్సు వచ్చి అంతా అయిపోయిందని చెప్పేదాకా ఇద్దరూ అక్కడి నుంచి లేవలేదు.